తోడు చక్రము

ఆపద వచ్చిన పిమ్మట ఉపాయము వెదకువాడు ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వువానివంటివాడని పెద్దలు చెప్పుదురు. ఈ మాట గృహస్థునకును రైతునకును మాత్రమే కాదు, సైకిలు పందెమునకు పోవు బాలునకును వర్తించును. దారిలో చక్రము చెడినచో మార్చుకొనుటకు మఱియొక చక్రమును ముందుగానే సిద్ధపఱచుకొనవలెను. దీనిని వాడుకలో స్పేరు చక్రమందురు. మనము తోడు చక్రమని పిలుచుకొందము. అయితే చేతిలో చక్రము ఉండుట వేఱు, ఆ చక్రము మన సైకిలునకు అమరుట వేఱు. ఈ భేదమును నేను ఒక బాలుని వెంట తిరిగి కన్నులార చూచితిని. కావున ఆ కథతోడనే విషయమును వివరించెదను.

హైదరాబాదు నగరము నడుమ అమీర్‌పేట కలదు. కంప్యూటరు విద్యల కొఱకును, పోటీ పరీక్షల కొఱకును నానా జిల్లాల నుండి వచ్చిన యువకులతో అక్కడి సందులు ఎల్లప్పుడును నిండియుండును. అట్టి సందులలో ఒకదానియందు నా నివాసము. ఉద్యోగ విరమణకు పూర్వము ముప్పది యేండ్లకు పైగా నేను బడికి సైకిలుపైననే పోయి వచ్చితిని. మా యింటి దిగువ ఒక చిన్న టిఫిను కొట్టు కలదు. తెల్లవారుజామున నాలుగు గంటలకే అక్కడ ఇడ్లీ పాత్ర పొయ్యి మీదికి ఎక్కును. ఆ కొట్టు నడుపు గృహస్థుని కుమారుడు తొమ్మిదవ తరగతి చదువుచున్నాడు. ఉదయము తండ్రికి చట్నీలు అందించి, పిదప తన సైకిలు ఎక్కి పోవును. ఆదివారములందు నగరమునకు పడమటి దిక్కున, బయటి వలయ రహదారి ప్రక్కనున్న సైకిలు బాటకు పోవును. 2023 అక్టోబరు 1వ తేదీన ప్రారంభింపబడిన ఆ బాట సుమారు 23 కిలోమీటర్ల పొడవు గలది. దానిపై కప్పుగా సౌర ఫలకములను పఱచినారు. పైన సూర్యుడు విద్యుత్తును పండించుచుండగా క్రింద నీడలో జనులు సైకిళ్లు త్రొక్కుచుందురు.

ఒకనాటి సాయంకాలము ఆ బాలుడు నాయొద్దకు వచ్చి, “సారూ, నేను మొదటిసారి పందెములో పాల్గొనుచున్నాను. 5 కిలోమీటర్ల చుట్టును ఆరు మారులు తిరుగవలెను. కోరినవారు తమ తోడు చక్రములను బయలుదేరు చోట ఉంచుకొనవచ్చునని చెప్పిరి. నాయన 4,000 రూపాయలు ఇచ్చెను. ఏ చక్రము కొనవలెనో తెలియకున్నది” అనెను.

ఆ నాలుగు వేల రూపాయలు ఎట్టివో నేనెఱుగుదును. అవి ఎన్ని ఇడ్లీలు అమ్మిన మిగిలెనో ఆ తండ్రికే తెలియును. అట్టి సొమ్ము పనికిరాని చక్రముపై పోయినచో మరల కూడుటకు నెలలు పట్టును. అందుచేత, “నాయనా, తొందరపడకుము. నేనును వెంట వచ్చెదను” అంటిని.

నా తొందరకు వేఱొక కారణమును కలదు. నా బాల్యమున మా ఊర ఒక సైకిలు పోటీ జరిగెను. ముందుచూపుగా నేనొక స్నేహితుని చక్రమును ఎరువు తెచ్చుకొంటిని కాని, దానిని ఒక్కమారైనను నా సైకిలునకు బిగించి చూడనైతిని. సగము దారిలో ముళ్లు గ్రుచ్చుకొని టైరులోని గాలి పోయెను. తెచ్చుకొన్న చక్రమును బిగింపబోగా ఇరుసు ఫోర్కులోనికి దూరలేదు. తక్కినవారు నన్ను దాటిపోవుచుండగా రోడ్డు ప్రక్కన కూర్చుంటిని. ఆనాడు నాకు చక్రము లేక కాదు, చక్రముండియు కూర్చుంటిని.

చక్రములన్నియు గుండ్రముగనే యుండునే, ఒకటి మఱియొకదానికి ఏల అమరదని మీరు అడుగవచ్చును. దీనికి మంచి ఉదాహరణము అమీర్‌పేటలోనే కలదు. 2017 నవంబరులో మెట్రో రైలు అమీర్‌పేటకు వచ్చెను. 2018 సెప్టెంబరులో పంజాగుట్ట మీదుగా ఎల్.బి. నగర్ వరకు సాగెను. ఈ మెట్రో పట్టాల నడుమ దూరము 1435 మిల్లీమీటర్లు. సమీపమున బేగంపేట స్టేషను మీదుగా పోవు రైల్వే పట్టాల నడుమ దూరము 1676 మిల్లీమీటర్లు. రెండును రైళ్లే, రెండింటివియు ఉక్కు చక్రములే. ఐనను మెట్రో పెట్టెను దింపి బేగంపేట పట్టాలపై నిలుపజాలము. 241 మిల్లీమీటర్ల భేదము ఆ రెండింటిని వేఱు చేసినది. రైలు విషయమున జానెడు భేదము చేసిన పనిని సైకిలు విషయమున గోరంత భేదమే చేయును.

మరునాడు మేమిద్దరము మెట్రో స్తంభముల నీడన నడచి పంజాగుట్ట చేరితిమి. అక్కడ ఒక సందులో పాత సైకిళ్లు బాగుచేయు ముదుసలి కలడు. ఆయనను అందఱును ఉస్తాదు అని పిలుతురు. ఆ చుట్టుపక్కలనే బాలుని పెదనాన్న కుమారుడును నివసించుచున్నాడు. అతడు తన కొత్త సైకిలు చక్రములను ఉచితముగా ఇచ్చెదనని, వానిని అంగడికే తెచ్చి యుంచెను. “చాచా, అన్న ఇచ్చిన ఈ చక్రములు సరిపోవునా?” అని బాలుడు అడిగెను. ఉస్తాదు నవ్వి, “బేటా, మొదట నీ సైకిలు ఏమి అడుగుచున్నదో తెలిసికొందము. పిదప చక్రమును అడుగుదము” అని, చేతి పానాను ప్రక్కన పెట్టి కొలత బద్దను తీసెను.

మొదటి పరీక్ష పరిమాణము. బాలుని టైరు ప్రక్కన 25-622 అను అంకెలు అచ్చొత్తబడి యుండెను. ఇందు 25 అనునది టైరు వెడల్పు. 622 అనునది రిమ్ముపై టైరు అంచు కూర్చుండు చోటి వ్యాసము. ఈ రెండును మిల్లీమీటర్లే. పందెపు సైకిళ్లలో మిక్కిలి వాడుకలో నున్న ఈ పరిమాణమునే 700సి అని పిలుతురు. అంగడిలో ఒక మూల 27 అంగుళముల చక్రమొకటి వ్రేలాడుచుండెను. కంటికి అది బాలుని చక్రమువలెనే తోచెను, వెలయు తక్కువ. కాని దాని కొలత 630. అనగా వ్యాసమున 8 మిల్లీమీటర్లు, కేంద్రము నుండి అంచునకు 4 మిల్లీమీటర్లు ఎక్కువ. బాలుని టైరు దానిపై ఎక్కదు. వేఱొక టైరు ఎక్కించినను బ్రేకు దిమ్మలు రిమ్మును విడిచి 4 మిల్లీమీటర్లు దిగువన, కేంద్రము వైపున పట్టును.

ఇక్కడ ఒక వింత కలదు. అంగుళముల పేర్లను నమ్మి చక్రమును కొనరాదు. మన పాలవాండ్రును తపాలావారును ఎంతో కాలము నడపిన నల్ల సైకిలు చక్రమును 28 అంగుళములదందురు. దాని కొలత 635. కొండదారులలో త్రొక్కు 29 అంగుళముల సైకిలు చక్రపు కొలత 622 మాత్రమే. పేరులో 29 పెద్దది, కాని రిమ్ములో 28 పెద్దది! పేర్లలో టైరు మందము కూడ కలిసియుండుటయే దీనికి కారణము. అందుచేత పేరును విడిచి, టైరుపైనున్న మూడంకెల కొలతనే చదువవలెను. పెదనాన్న కుమారుని చక్రములు 622 కొలతవే. బాలుడు సంతోషించెను. ఉస్తాదు మాత్రము, “ఇది మొదటి తలుపు మాత్రమే” అనెను.

రెండవ పరీక్ష ఇరుసు. చక్రము నడుమ నుండు హబ్బును ఫోర్కు రెండు కొమ్మల నడుమ, వెనుకనైనచో చట్రపు రెండు కొమ్మల నడుమ ఇముడ్చవలెను. రిమ్ముపై బ్రేకు పట్టు పందెపు సైకిళ్లలో నేడు సామాన్యముగా ముందు 100, వెనుక 130 మిల్లీమీటర్ల ఎడము ఉండును. బాలుని సైకిలు అట్టిదే. దాని కొమ్మల చివర క్రిందికి తెఱచియున్న గాడి కలదు. ముందు గాడిలో 9 మిల్లీమీటర్ల ఇరుసు కూర్చుండును. పెదనాన్న కుమారుని సైకిలు కొత్త పద్ధతిది. అందు గాడికి మాఱుగా గుండ్రని రంధ్రములుండును. వానిలోనికి 12 మిల్లీమీటర్ల మందముగల పొడవైన ఇరుసును ఒక ప్రక్క నుండి దూర్చి మఱ బిగింతురు. వెనుక హబ్బు వెడల్పు 142. ఆ చక్రమును బాలుని సైకిలులో పెట్టబోగా వెనుక 12 మిల్లీమీటర్లు ఎక్కువయ్యెను. “కొంచెము లాగినచో ఎక్కదా?” అని అన్నగారు అడిగిరి. “చట్రమును లాగి వంచినచో చక్రము ఎక్కవచ్చును. పిదప సైకిలు తిన్నగా పోదు. పందెము ఒక్కదినము, చట్రము ఎన్నో ఏండ్లు” అని ఉస్తాదు బదులు చెప్పెను.

మూడవ పరీక్ష బ్రేకు. పెదనాన్న కుమారుని చక్రమునకు హబ్బు ప్రక్కన ఉక్కు బిళ్ల కలదు. బ్రేకు ఆ బిళ్లను పట్టి చక్రమును ఆపును. రిమ్మునకు ఏ పనియు లేదు గనుక దానిని బ్రేకు రాపిడికి తగినట్లు చదునుగా చేయలేదు. బాలుని సైకిలులో బ్రేకు రబ్బరు దిమ్మలు రిమ్మునే పట్టవలెను. ఇరుసు అమరిననుకూడ ఆ చక్రముతో వానికి ఆగు ఉపాయము లేకపోయెడిది. రెండును బిళ్ల బ్రేకు సైకిళ్లే ఐనను చూడవలసినది కలదు. బిళ్ల వ్యాసము కొన్నింటికి 140, కొన్నింటికి 160 మిల్లీమీటర్లు. రెండును రిమ్ము బ్రేకు సైకిళ్లే ఐనచో రిమ్ముల వెడల్పు చూడవలెను. తోడు చక్రపు రిమ్ము 3, 4 మిల్లీమీటర్లు వెడల్పైనచో దిమ్మలు ఎల్లప్పుడును ఒరయును. సన్ననిదైనచో బ్రేకు పిడి లోతుగా నొక్కవలసివచ్చును. కార్బను రిమ్ములకు వేఱు దిమ్మలు కావలెను. వానిని పందెము నడుమ మార్చుటకు వ్యవధి యుండదు. ఆపలేని చక్రము నడపుటకును పనికిరాదని మీరు గుర్తుంచుకొనుడు.

ఈ విధముగా ఉచితముగా వచ్చిన చక్రములు పోయెను. అన్నగారు చిన్నబుచ్చుకొనిరి. ప్రేమతో ఇచ్చినదైనను సరిపోనప్పుడు వలదని చెప్పుటలో అమర్యాద లేదని నేను వారికి నచ్చజెప్పితిని.

అప్పుడు బాలుని చూపు గోడకు వ్రేలాడుచున్న ఒక చక్రముల జతపై పడెను. నల్లగా, నిగనిగలాడుచు, లోతైన రిమ్ములతో అవి మెఱయుచుండెను. కొలత 622. ఎడము 100, 130. రిమ్ము బ్రేకువే. వెల సరిగా 4,000 రూపాయలు. “సారూ, ఇవి నా కొఱకే వేచియున్నట్లున్నవి” అని బాలుడు అనెను. వాని చేయి అప్పుడే జేబులోనికి పోయెను. ఉస్తాదు వాని చేతిని మెల్లగా పట్టుకొని, “పళ్లు లెక్కింపుము” అనెను.

ఇదియే నాలుగవ పరీక్ష. ఇది వెనుక చక్రమునకు మాత్రమే వర్తించును. గేర్ల సైకిలు వెనుక హబ్బుపై చిన్నవి పెద్దవి పళ్ల చక్రములు వరుసగా నుండును. ఆ మొత్తమును క్యాసెట్టు అందురు. బాలుని సైకిలునకు అట్టివి 9. గోడనున్న చక్రమునకు 11. రెండు క్యాసెట్ల మొత్తపు వెడల్పులో పెద్ద భేదము లేదు. ఆ కొద్ది చోటులోనే 11 పళ్ల చక్రములు ఇముడవలెను గనుక అవి దగ్గర దగ్గరగా నుండును. ఒకే కంపెనీ చేసిన వానిలో 9 గేర్ల క్యాసెట్టునందు ఒక పళ్ల చక్రము నుండి మఱియొకదానికి సుమారు 4.35 మిల్లీమీటర్లు, 11 గేర్ల దానియందు సుమారు 3.75 మిల్లీమీటర్లు దూరముండును.

ఇప్పుడు లెక్క వేయుడు. బాలుడు హాండిలుపైనున్న మీటను ఒకమారు నొక్కగా గొలుసు 4.35 మిల్లీమీటర్లు జరుగును. అవతలి పళ్ల చక్రము 3.75 మిల్లీమీటర్లలోనే కలదు. భేదము 0.6. ఇది అల్పమే. రెండవ నొక్కునకు 1.2. మూడవదానికి 1.8. అయిదవదానికి 3 మిల్లీమీటర్లు. అప్పటికి గొలుసు తాను చేరవలసిన పళ్ల చక్రమును దాటి ఇంచుమించు ప్రక్కదాని యొద్దకు పోయియుండును. అది ఏ పంటిపైనను నిలువక కటకటలాడును. ఎత్తు ఎక్కుచున్న సమయమున గొలుసు జారినచో త్రొక్కుచున్న కాలు ఒక్కసారిగా దిగబడి బాలుడు పడును. చిన్న తప్పు ఒకమారు జరిగినచో సహింపవచ్చును. మెట్టు మెట్టునకు కూడుచు పోయినచో అది పెద్ద తప్పగును. ఇది సైకిలునకే కాదు, అంకగణితమునకును జీవితమునకును ఒప్పు మాట.

ఆ 11 గేర్ల హబ్బుపైననే 9 గేర్ల క్యాసెట్టును ఎక్కించు ఉపాయమును కలదు. ఒకే కంపెనీ పద్ధతివైనచో 1.85 మిల్లీమీటర్ల మందముగల ఒక వలయమును లోపల వేసి క్యాసెట్టును బిగింపవచ్చును. కాని అందులకు క్యాసెట్టు వెల వేఱుగా కావలెను. చేతిలో అంత సొమ్ము లేదు. వేర్వేఱు కంపెనీల హబ్బులపై గాడులే వేఱు. షిమానో పద్ధతి క్యాసెట్టు కాంపాగ్నోలో హబ్బుపై ఎక్కదు. ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణలో 2002 జాతీయ క్రీడల కొఱకు నిర్మించిన వెలొడ్రోము కలదు. అట్టి పందెపు బాటలపై త్రొక్కు సైకిళ్లకు బ్రేకులు లేవు, గేర్లు లేవు, వెనుక ఒకే పళ్ల చక్రము హబ్బునకు స్థిరముగా బిగింపబడి యుండును. ఆ చక్రమును రోడ్డు సైకిలునకు, ఈ చక్రమును దానికి పెట్టరాదు. ఏ పందెమునకు ఆ చక్రము.

బాలుని ముఖము వాడిపోయెను. ఉస్తాదు లోపలికి పోయి దుమ్ము పట్టిన ఒక పాత జతను తెచ్చెను. రిమ్ములపై గీతలుండెను, రంగు వెలిసెను. కాని కొలత 622. ఎడము 100, 130. రిమ్ము వెడల్పు బాలుని దానితో సమానము. క్యాసెట్టు 9 గేర్లది. అన్నిటికంటె పెద్ద పళ్ల చక్రమునకు 25 పళ్లు, బాలుని సైకిలులోను అంతే. ఇదియు చూడవలసినదే. తోడు చక్రమున మిక్కిలి పెద్ద పళ్ల చక్రమున్నచో గొలుసు పొడవు చాలక బిగిసిపోవచ్చును. అరిగిన గొలుసు సరికొత్త పళ్లపై సరిగా కూర్చుండకపోవచ్చును గనుక, కొంత వాడిన క్యాసెట్టే వాని పాత గొలుసునకు అనుకూలమైనది. ఉస్తాదు చక్రమును త్రిప్పి, రిమ్ము ప్రక్కలకు ఊగుచున్న చోట పుల్లలను బిగించి సరిచేసెను. వెల 2,600 రూపాయలు. మిగిలిన సొమ్ములో టైర్లు, ట్యూబులు వచ్చెను. ట్యూబుల వాల్వులుకూడ బాలుని పంపునకు సరిపోవు సన్నని రకమువే తీసికొంటిమి. గాలి కొట్టలేని చక్రము చక్రమే కాదు.

ఇక కడపటి పరీక్ష మిగిలెను. అన్ని కొలతలును సరిపోయినవని కాగితముపై వ్రాసికొనుట చాలదు. చక్రమును బిగించి త్రొక్కి చూడవలెను. ఉస్తాదు మొదట సైకిలును ఎత్తిపట్టి, చేతితో పెడలు త్రిప్పుచు ఒక్కొక్క గేరును మార్చి చూపెను. హబ్బుల తయారీలో ఒకటి రెండు మిల్లీమీటర్ల భేదముండవచ్చును. అట్టి సమయమున పెద్ద పళ్ల చక్రము మీదికి పోవు గొలుసు దానిని దాటి పుల్లలలో పడినచో చక్రము ఒక్కసారిగా బిగిసిపోవును. అందుచేత ఈ పరీక్షను నిలుచున్నచోటనే చేయవలెను గాని, రోడ్డుపై వేగముగా పోవుచు చేయరాదు.

చక్రము మార్చు క్రమమును బాలునకు నేర్పెను. వెనుక చక్రమును తీయుటకు ముందు గొలుసును అన్నిటికంటె చిన్న పళ్ల చక్రముపైకి తేవలెను. బ్రేకును వదులు చేయవలెను. ఇరుసు మీటను తెఱచి చక్రమును దించవలెను. కొత్త చక్రపు చిన్న పళ్ల చక్రమును గొలుసులో ఉంచి, ఇరుసును గాడిలో చివరి వరకు కూర్చుండబెట్టి, మీటను మూయవలెను. మీటను నట్టువలె త్రిప్పుచు బిగింపరాదు. సగము మూసినప్పటి నుండి అది ఎదురు తిరుగవలెను, పూర్తిగా మూసినప్పుడు అరచేతిలో దాని గుర్తు పడవలెను. పిదప బ్రేకును మరల బిగింపవలెను. మొదటిమారు బాలునకు నాలుగు నిమిషములు పట్టెను. వారము దినములు మా వాకిట అభ్యసింపగా ఒక్క నిమిషములోపుననే మార్చసాగెను.

ఆ మీట చిన్నదైనను దాని చరిత్ర గొప్పది. పూర్వము చక్రములను రెక్కల నట్టులతో బిగించెడివారు. 1920లలో తుల్లియో కాంపాగ్నోలో అను ఇటలీ పందెగాడు మంచు కురియుచున్న కొండపై, చలికి కొంకర్లుపోయిన వ్రేళ్లతో నట్టులను విప్పలేక వెనుకబడెనని చెప్పుదురు. ఆ బాధ నుండి పుట్టిన ఆలోచనయే 1930లో ఈ మీటగా రూపొందెను. 1933లో ఆయన విచెంజా నగరమున స్థాపించిన సంస్థ నేటికిని సైకిలు భాగములను చేయుచున్నది.

ఆ కాలమునకు ముందు పందెగాండ్రకు తోడు చక్రము మాట అటుంచి తోడే లేదు. 1913లో ఫ్రాన్సు దేశపు మహా పందెమున యూజీన్ క్రిస్టోఫ్ అను వాని సైకిలు ఫోర్కు పిరనీసు కొండలలో విఱిగెను. ఎవరి సాయమును పొందరాదని నియమము. ఆయన సైకిలును భుజమున వేసికొని నడచి, ఒక గ్రామపు కమ్మరి కొలిమికి చేరి తన చేతులతోనే దానిని అతికించుకొనెను. కొలిమితిత్తిని ఒక బాలుడు ఊదెనను కారణమున ఆయనకు దండన విధించిరి.

కాలక్రమమున నియమములు మాఱెను. 1934లో అదే పందెమున, అదే పిరనీసు కొండలలో, ఫ్రాన్సు జట్టు నాయకుడు ఆంటొనిన్ మాన్య చక్రము చెడెను. ఆ జట్టులోనే రెనే వియెట్టో అను ఇరువదేండ్ల యువకుడు కలడు. కొండలెక్కుటలో ఆతనికి మించినవారు ఆ యేడు లేరు. వియెట్టో తన ముందు చక్రమును తీసి నాయకునకిచ్చి, సహాయపు బండి వచ్చువఱకు రోడ్డు ప్రక్క రాతిగోడపై కూర్చుండెను. చక్రము లేని సైకిలు ప్రక్కన ఆతడు కన్నీరు కార్చుచున్న ఛాయాచిత్రము లోకమంతటను ప్రసిద్ధి కెక్కెను. మరునాడును ఆతడు వెనుకకు మరలి వచ్చి నాయకునకు తోడ్పడెను. మాన్య ఆ పందెమును గెలిచెను. వియెట్టో అయిదవవాడయ్యెను. ఈ కథను చెప్పువారు ఆతని త్యాగమును కొనియాడుదురు. అది ఉచితమే. కాని మఱియొక సంగతిని గమనింపుడు. ఆ చక్రము ఈ సైకిలునకు అమరినది గనుకనే ఆ త్యాగము ఫలించెను. అమరనిచో వియెట్టో నిలిచిపోయెడివాడు, మాన్యయు నిలిచిపోయెడివాడు.

1973 నుండి మావిక్ అను ఫ్రెంచి సంస్థ పసుపుపచ్చని కార్లలో చక్రములను పెట్టుకొని, జట్టు భేదము లేక ఎల్లరకును సాయము చేయు పద్ధతిని నెలకొల్పెను. అట్టి కార్లలోకూడ ఒకే రకము చక్రములుండవు. గేర్లను బట్టి, బ్రేకులను బట్టి పలు రకములను మోయవలసియుండును. అందరకు సాయపడదలచినవాడు అందరి కొలతలును తెలిసియుండవలెను.

పందెము నాటి ఉదయము వచ్చెను. బాలుడు చక్రములకు ఒక చీటీ కట్టెను. దానిపై తన పేరు, పందెపు అంకె, 622, 100, 130, రిమ్ము బ్రేకు, 9 గేర్లు అని పెద్ద అక్షరములతో వ్రాసెను. తండ్రి ఆనాడు కొట్టు మూసి వచ్చెను. నాకు తెలిసి పండుగ కాని దినమున ఆ కొట్టు మూయుట అదియే మొదలు.

నాలుగవ చుట్టు తిరుగుచుండగా ఒక పిల్లవాడు సైకిలును నడిపించుకొనుచు చక్రముల చోటికి వచ్చెను. అతడు వేఱొక పేటవాడు. వెనుక టైరు చీలిపోయెను. తోడు చక్రము తెచ్చుకొనలేదు. అక్కడి పనివాడు చీటీలు చదువుచు మా బాలుని చక్రము వద్ద ఆగి, “ఇది దీనికి సరిపోవును. ఎవరిది?” అని అడిగెను. తండ్రి నావైపు చూచెను. తన కుమారునకు ఇంకను రెండు చుట్లు మిగిలియుండెను. వాని చక్రమునకును ఆపద రావచ్చును. నేనేమియు పలుకలేదు. అది చెప్పవలసినవాడు నేను కాను. ఒక్క క్షణము ఆగి ఆ తండ్రి, “తీసికొనుము, బాబూ” అనెను. ఆ పిల్లవాడు నిమిషములో చక్రము బిగించుకొని పోయెను.

మా బాలుడు గెలువలేదు. పదునాల్గవవాడుగా వచ్చెను. వాని చక్రములకు ఏ ఆపదయు రాలేదు. చక్రము ఎరువిచ్చితిమని తండ్రి చెప్పగా, వాడు మొదట అడిగిన మాట, “సరిపోయెనా?” అని. సరిపోయెనని తెలిసికొని ఆయాసములోనే నవ్వెను. ఆ పిల్లవాడు పందెము ముగిసిన పిదప చక్రమును తుడిచి తెచ్చి ఇచ్చెను.

విద్యార్థులారా! మీలో పందెములకు పోవువారు కొందఱే యుందురు. కాని తోడు చక్రము అందరకును అవసరమే. పరీక్షకు తీసికొనిపోవు రెండవ కలము, ప్రయాణమునకు పెట్టుకొను రెండవ తాళపుచెవి, ఇవియు తోడు చక్రములే. ఆ కలము వ్రాయునో లేదో, ఆ చెవి తాళమును తెఱచునో లేదో అవసరము రాకముందే చూచుకొనుడు. పరిమాణము, ఇరుసు, బ్రేకు, పళ్లు, గాలి అను అయిదింటిని చూచి, ఆరవదిగా స్వయముగా త్రొక్కి పరీక్షించినవాడే నిశ్చింతగా పందెమునకు నిలువగలడు. అట్లు సిద్ధమైనవాని సంపద తనకేకాక, దారిలో నిలిచిపోయిన ఇతరునకును అక్కఱకు వచ్చును.